సగంలో ఆగిపోతున్న పద్యం

కిందటి నెలలో గుంటూరు బ్రాడీపేటలో ఒక సంస్మరణ సభకు వెళ్లాను. పోయినాయన తన సొంత స్థలాన్ని బడికి రాసిచ్చిన మనిషి. చివరి వక్త గొంతు సవరించుకుని, నాటకంలో పద్యం అందుకున్నట్టుగా రాగం తీసి "కారే రాజులు" మొదలుపెట్టాడు. తెనాలి నాటకాల గాలి సోకిన గొంతు. "పోవం జాలిరే" దగ్గర చాలాసేపు ఆలాపన చేసి, "భూమిపై బేరైనం గలదే" అని ఆపి, కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. చప్పట్లు మోగాయి.

నా పక్క కుర్చీలో ఎనభై దాటిన పెద్దాయన ఉన్నాడు. కళ్లజోడుకు నల్లదారం కట్టుకున్నాడు. పద్యం సాగుతున్నంతసేపూ ప్రాస వచ్చినచోటల్లా చూపుడువేలితో కుర్చీ చేతిని తడుతూనే ఉన్నాడు. చప్పట్లు ఆగాక కూడా ఆయన పెదవులు కదులుతున్నాయి. మిగిలిన పద్యాన్ని తనలో తాను పూర్తి చేసుకుని నా వైపు తిరిగి, "చావుకు సరిపోయే ముక్క పాడి, ఆయనకు సరిపోయే ముక్క వదిలేశారు బాబూ" అన్నాడు.

ఆ మాట నన్ను వదలలేదు. ఏళ్ల తరబడి తెలుగు పాఠం చెప్పినవాణ్ని. ఈ పద్యాన్ని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. అయినా బయట ఎక్కడ విన్నా ఇది సగంలోనే ఆగిపోతుంది. ఎన్నికల్లో ఓడినవాడి గురించి మాట్లాడాల్సి వస్తే పై రెండు పాదాలు. పదవి దిగిన అధికారి గురించైనా అవే. మూడో పాదం మధ్యలో పద్యం మలుపు తిరుగుతుంది. సరిగ్గా ఆ మలుపు దగ్గరే దిగిపోతున్నాం.

పద్యం మొత్తం ఇది:

కారే రాజులు? రాజ్యముల్ గలుగవే? గర్వోన్నతిం బొందరే?
వారేరీ? సిరి మూటగట్టుకొని పోవం జాలిరే? భూమిపై
బేరైనం గలదే? శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు? వారలన్ మఱచిరే యిక్కాలమున్? భార్గవా!

బమ్మెర పోతన భాగవతం, అష్టమ స్కంధం, వామన చరిత్ర. మాట్లాడుతున్నవాడు బలి చక్రవర్తి. వింటున్నవాడు ఆయన గురువు శుక్రాచార్యుడు. భృగువంశం వాడు కాబట్టి "భార్గవా" అన్నాడు.

ఈ సంగతి ముందు గట్టిగా పట్టుకోవాలి. పద్యం పలికింది సన్యాసి కాదు, మరణశయ్య మీద ఉన్నవాడూ కాదు. ఇంద్రుణ్ణి గెలిచి స్వర్గాన్ని పట్టుకున్న రాజు, యజ్ఞశాలలో, తన వైభవం నడినెత్తిన వెలుగుతుండగా అన్న మాటలివి. పొట్టి బ్రహ్మచారి ఒకడు వచ్చి మూడడుగుల నేల అడిగాడు. బలి సరే అన్నాడు. వచ్చినవాడు విష్ణువని శుక్రుడు గుర్తుపట్టాడు. మాట తప్పమని చెప్పాడు. ఆడవాళ్ల విషయంలో, పెళ్లిళ్ల విషయంలో, ప్రాణానికీ ధనానికీ మానానికీ ముప్పు వచ్చినప్పుడు, గోవులనూ బ్రాహ్మణులనూ కాపాడవలసి వచ్చినప్పుడు బొంకవచ్చు, పాపం అంటదని ధర్మసూక్ష్మం కూడా చూపించాడు. "వారిజాక్షులందు" అనే ఆ ఆటవెలది తెలియని తెలుగువాళ్లు తక్కువ. దానికి బదులుగా వచ్చిందే మన పద్యం. అంటే ఇది వాదం. ఇవ్వాలా, మాట తప్పాలా అన్న తగవులో ఒక పక్షం వినిపించిన వాదం. మనం రెండు పాదాల దగ్గర ఆపితే వాదం మాయమై ఏడుపు మాత్రం మిగులుతుంది.

ఇప్పుడు పద్యం నిర్మాణం చూద్దాం. నాకు ఎంతసేపు చెప్పినా తనివి తీరని భాగమిది.

నాలుగు పాదాల్లో ఎనిమిది ప్రశ్నలున్నాయి. సంబోధన తప్ప పద్యమంతా ప్రశ్నలే. ఒక్క వాక్యం కూడా "ఇది ఇంతే" అని చెప్పదు. "కారే" అంటే "కారా?", ఇప్పటి మాటల్లో "కాలేదా?". పిల్లలు చాలామంది ఇక్కడే తడబడతారు, "కారు" అనే వ్యతిరేక క్రియకు ప్రశ్నార్థకమైన "ఏ" చేరిందని తెలియక. "కలుగవే" అంటే కలగలేదా, "పొందరే" అంటే పొందలేదా. ఈ మూడూ లేదని అడుగుతున్నాయి కాబట్టి మన మనసు వెంటనే ఔననే అంటుంది. ఔను, రాజులయ్యారు. ఔను, రాజ్యాలు వచ్చాయి. ఔను, గర్వంతో మిడిసిపడ్డారు.

ఆ తరువాత "వారేరీ?" అని వస్తుంది. వాళ్లేరీ? ఔననో కాదనో చెప్పడానికి వీలులేని ప్రశ్న ఈ ఎనిమిదింటిలో ఇదొక్కటే. దీనికి జవాబు కావాలంటే తల తిప్పి చుట్టూ వెతకాలి. ఎవరూ కనబడరు.

అక్కడి నుంచి క్రియలు మారిపోతాయి. "చాలిరే" అంటే చాలారా, చేతనయ్యిందా? "కలదే" అంటే ఉందా? ఈసారి ప్రశ్న ఉందని అడుగుతోంది, మనసు లేదంటోంది. తీసుకుపోలేకపోయారు. పేరు కూడా లేదు. మొదటి పాదంలో మూడు ఔనులతో మనల్ని ఎక్కించుకుంటూ పోయి, రెండు లేవులతో కిందికి దింపాడు. మెట్లు ఎక్కించి నిచ్చెన లాగేసినట్టు ఉంటుంది. సభల్లో పాడేవాళ్లు ఇక్కడే ఆగుతారు, నేలమీద పడి ఉన్న స్థితిలో.

పోతన ఆగలేదు. "శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై యీరే కోర్కులు?" శిబి మొదలైనవాళ్లు కీర్తి కోరి, ఇష్టంగా, అడిగినవి ఇవ్వలేదా? మళ్లీ వ్యతిరేక క్రియ, మళ్లీ ఔను. "వారలన్ మఱచిరే యిక్కాలమున్?" వాళ్లను ఇప్పటికీ మరిచిపోయారా? మరిచిపోలేదు. గమనించండి, చివరి జవాబు కూడా "లేదు" అనే వచ్చింది. "పేరైనా ఉందా" అంటే వచ్చిన "లేదు" ఒకటి, "మరిచిపోయారా" అంటే వచ్చిన "లేదు" ఇంకొకటి. మొదటిది శూన్యం, రెండోది నిండుదనం. ఒకే మాట రెండు చోట్ల రెండు బరువులు తూగింది.

ఇంకొక సంగతి. గర్వించిన రాజుల్లో ఒక్కడి పేరైనా పద్యంలో ఉందా? లేదు. "రాజులు", "వారు", అంతే. పేరుతో కనబడే రాజు ఒక్కడే, పావురాన్ని కాపాడడానికి తన ఒంటి మాంసం కోసి ఇచ్చిన శిబి. పేరు మిగలదని చెప్పి ఊరుకోకుండా పోతన వాళ్ల పేర్లు రాయడమే మానేశాడు. పద్యం తాను చెప్పినదాన్ని తానే చేసి చూపించింది.

మాటల ఎంపిక కూడా చూడండి. "గర్వోన్నతి" అని గంభీరమైన సంస్కృత సమాసం. దాని పక్క పాదంలోనే "మూట". మిర్చి యార్డులో, రైలు స్టేషనులో, పొలం గట్టు మీద నెత్తిన కనబడే మూట. రాజుల సిరిసంపదలను ఒక గుడ్డలో పెట్టి ముడివేసి చూపించాడు. ఆ ఒక్క మాటతో చక్రవర్తి, ఊరు మారుతున్న కూలీ ఒకే దారిలో నిలబడ్డారు. ఇప్పటికీ మన ఇళ్లలో "పోయేటప్పుడు ఏమి కట్టుకుపోతాం" అంటారు కదా, ఆ కట్టుకుపోవడం ఈ మూటే.

మూలంతో పోల్చితే పోతన చేసిన పని ఇంకా స్పష్టమవుతుంది. సంస్కృత భాగవతంలో బలి దధీచినీ శిబినీ కలిపి తలుచుకుంటాడు. వదులుకోవడం కష్టమైన ప్రాణాలే ఇచ్చి సాధువులు ప్రాణులకు మేలు చేశారు, ఈ భూమి ఏపాటిది అంటాడు. తరువాత యుద్ధంలో వెన్నుచూపని దైత్యరాజుల గురించి చెబుతూ, కాలం వాళ్ల లోకాలను మింగింది గాని వాళ్లు భూమి మీద సంపాదించిన యశస్సును మింగలేదు అంటాడు. అంటే మూలంలో భూమిని ఏలిన ఆ రాజులకు కూడా కీర్తి మిగిలింది. పోతన దాన్ని ఒప్పుకోలేదు. ఏలినవాళ్లకు పేరైనా లేదన్నాడు, మిగిలే హక్కు ఇచ్చినవాళ్లకే ఉంచాడు. అనువాదమని మనం తేలికగా అనే చోట ఇంత పెద్ద తీర్పు ఉంది.

ఆయనకు ఆ తీర్పు ఇచ్చే అర్హత కూడా ఉంది. కావ్యం రాజుకు అంకితమిచ్చి, పీఠికలో ఆ రాజు వంశాన్ని తాతముత్తాతల నుంచి పొగడడం ఆనాటి ఆనవాయితీ. పోతన "ఇమ్మనుజేశ్వరాధముల కిచ్చి" అని మొదలుపెట్టి, ఊళ్లూ వాహనాలూ సొమ్ములూ పుచ్చుకోనని చెప్పి, భాగవతాన్ని శ్రీహరికి ఇచ్చాడు. రాజు పేరు పెట్టవలసిన చోట పెట్టని కవి, ఈ పద్యంలోనూ రాజుల పేర్లు పెట్టలేదు.

ఇదే విషయం మీద ఇంగ్లీషులో జగమెరిగిన పద్యం ఒకటుంది, షెల్లీ రాసిన "ఓజిమాండియాస్". 1818 జనవరిలో అచ్చయింది. ఈజిప్టును 66 ఏళ్లు ఏలిన రెండో రామ్సెస్‌కు గ్రీకులు పెట్టుకున్న పేరది. పద్నాలుగు పాదాలు. ఎడారిలో మొండెం లేని రెండు రాతికాళ్లు, పక్కన ఇసుకలో సగం కూరుకుపోయిన ముఖం. పీఠం మీద అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు: నేను రాజులకు రాజును, నా పనులు చూసి కుమిలిపోండి అని. చుట్టూ చూస్తే ఇసుక తప్ప ఏమీ లేదు. రెండు పద్యాలనూ పక్కపక్కన పెట్టి చదివితే తేడా ఒక్కసారిగా కనబడుతుంది. షెల్లీ దగ్గర పేరు మిగిలింది, పనులు పోయాయి. ఆ పేరు మిగలడమే రాజుకు అవమానం. పోతన దగ్గర పేరు కూడా పోయింది. షెల్లీ పద్యం ఇసుక మీద ముగుస్తుంది, చదివినవాడికి చేయవలసిన పని ఏదీ చెప్పదు. పోతన పద్యం చదివినవాడి చేతిలో ఒక పని పెడుతుంది. ఒకటి గొప్పది, ఇంకొకటి తక్కువది అనను. కాని మనం పోతనను సగంలో ఆపి పాడినప్పుడల్లా, తెలియకుండానే ఆయన్ను షెల్లీగా మార్చేస్తున్నాం.

ఒకసారి తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది: "మాస్టారూ, రాజులకు పేరైనా లేదంటున్నారు. మరి కొండవీటి రెడ్డిరాజుల పేర్లన్నీ మాకు పరీక్షలో వస్తున్నాయి కదా?" న్యాయమైన ప్రశ్న. ఆరోజు తడుముకున్నాను. ఆ ఆదివారం కొండవీడు వెళ్లాను, గుంటూరు నుంచి నరసరావుపేట వైపు. కొండ మీద కోటగోడలు విరిగి ఉన్నాయి. సభలు జరిగిన చోటు ఏదో చెప్పాలంటే తెలిసినవాళ్లు కావాలి, సీతాఫలం పొదలు కమ్ముకున్నాయి. చెరువులు మాత్రం చెరువుల్లాగే ఉన్నాయి. ఒక మేకల కాపరి దోసిలితో నీళ్లు తీసుకుని ముఖం కడుక్కుంటున్నాడు. ఎవరు తవ్వించారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

తిరిగి వచ్చి ఆ అమ్మాయికి చెప్పిన జవాబు ఇది. తెలుగులో "పేరు" అనే మాటకు రెండు అర్థాలు. పిలిచే పేరు ఒకటి, తెచ్చుకునే పేరు ఒకటి. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు, ఎర్రనను ఆదరించి హరివంశం అంకితం పుచ్చుకున్నాడు. ఆయన తెచ్చుకున్న పేరు అది. ఆ వంశంలో చివరివాడైన రాచవేమారెడ్డి పేరు కూడా మిగిలింది, పురిటి పన్ను వేశాడన్న కథతో. బిడ్డ పుడితే పన్ను కట్టించుకున్నవాడని ఆరువందల ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. అది పిలిచే పేరు, తెచ్చుకున్న పేరు కాదు. పద్యంలో పోతన గర్విష్ఠులకు "పేరు" అన్నాడు, దాతలకు "యశస్సు" అన్నాడు. ఒకే మాట రెండుసార్లు వాడలేదు.

ఇంతటితో అమ్మాయి తృప్తిపడింది. నేను పడలేదు. చరిత్ర చూస్తే, ఏమీ ఇవ్వని రాజుల పేర్లు కూడా చాలా నిలిచాయి, ఇచ్చిన వేలమంది పేర్లు నిలవలేదు. బలి చెప్పినది చరిత్ర సూత్రంగా నిలబడదు. నిలబడనక్కరలేదు కూడా. ఇవ్వబోతున్న మనిషి తన చెయ్యి వెనక్కి పోకుండా తనకు తాను చెప్పుకునే మాటలవి. పద్యంలో మొదటి రెండు పాదాల రాజులు ఎవరు? బలి కూడా వాళ్లలో ఒకడే. రాజయ్యాడు, రాజ్యం కలిగింది, గర్వోన్నతి పొందాడు. ఆ మూడు ప్రశ్నలకూ తానే జవాబు. వాళ్ల వరస నుంచి బయటికి వచ్చి శిబి పక్కన నిలబడడానికి ఆయనకు మిగిలిన సమయం కలశంలో నీళ్లు చేతిలోకి వంచేంత మాత్రమే.

మరి "యశఃకాములై" అన్నాడు కదా, కీర్తి కోరి ఇవ్వడం కూడా గర్వం కాదా? ఈ అనుమానం పోతనకు మనకంటే ముందే వచ్చిందని నా నమ్మకం. కొద్ది దూరంలోనే "ఆదిన్ శ్రీసతి కొప్పుపై" అనే పద్యం ఉంది. లక్ష్మీదేవి కొప్పు మీద, చెక్కిళ్ల మీద మెలగిన చెయ్యి కిందై, నా చెయ్యి పైన ఉండడం మేలు కాదా అంటాడు బలి. విష్ణువు చెయ్యి కింద, తన చెయ్యి పైన! ఆ క్షణంలో బలిలో ఉప్పొంగినది భక్తే, గర్వమూ అందులో ఉంది. అదే పద్యంలో "రాజ్యము గీజ్యమున్ సతతమే?" అని కూడా అన్నాడు. పనీ గినీ, డబ్బూ గిబ్బూ అన్నట్టు రాజ్యమూ గీజ్యమూ. మూడు లోకాల ఏలికను జంటపదంలో పడేసి తీసిపారేశాడు. రాజ్యం మీద గర్వం పోయింది, ఇచ్చే చెయ్యి మీద గర్వం ఇంకా ఉంది.

అది కూడా పోవలసి ఉంది. గురువు మాట విననందుకు శుక్రుడు శపించాడు. వటువు ఇంతింతై పెరిగి రెండు అడుగుల్లో అన్నీ కొలిచేశాడు. బలిని వరుణపాశాలతో కట్టేశారు. మూడో అడుగుకు చోటేదని అడిగితే తన నాలుకకు బొంకు తెలియదని చెప్పి, తల చూపించాడు. పైన ఉన్న చెయ్యి పోయింది, కిందికి వంగిన తల మిగిలింది. "కారే రాజులు" పద్యాన్ని విడిగా చదివితే ఈ ముగింపు కనబడదు. అందుకే వామన చరిత్ర మొత్తం చదవమని పిల్లలకు చెబుతాను. రెండు గంటల పని.

దానం చేసినవాళ్ల పేర్లు నిలవడం కళ్లతో చూడాలనుకుంటే మన పక్కనే అమరావతి ఉంది. రెండువేల ఏళ్ల నాటి మహాస్తూపం. దాన్ని ఏ ఒక్క రాజూ ఒంటిచేత్తో కట్టించలేదు. భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు, వర్తకులు తలా ఒక పలక, తలా ఒక స్తంభం ఇచ్చారు. ఆ రాళ్లు చాలావరకు చెదిరిపోయాయి. కొన్ని చెన్నై చేరాయి, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లాయి. షెల్లీ పద్యంలోని రామ్సెస్ రాతి తల ఒకటి ఉన్నదీ ఆ మ్యూజియంలోనే.

అమరావతి పలకల్లో ఒకదాని మీద పూర్ణకుంభం చెక్కి ఉంది. నిండు కడుపు కుండ, దాని మూతి నుంచి పొంగే తామరలు. దానిమీద ప్రాకృతంలో చిన్న శాసనం. ఇచ్చినది "దేయధమం", అంటే దానం. ఏ రాజు ఏలుబడిలో ఇచ్చారో అందులో లేదు. ఉన్నది ఇంతే: ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, చర్మకారుడైన విధికుడు, తల్లితో, భార్యతో, సోదరులతో, కొడుకు నాగుడితో, కూతుళ్లతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఇచ్చిన పూర్ణఘటం పలక.